కళ్ళెము విప్పిన చేయి ఎవరిది?

మన సంఘ పత్రికలో బడులను గూర్చియు, పాఠ్యపుస్తకములను గూర్చియు, జనాభా లెక్కలలో మాతృభాషను వ్రాయించుకొనుటను గూర్చియు వ్యాసములు వచ్చుట పరిపాటి. ఈ వారము నేను పికప్పు బండ్లను గూర్చి వ్రాయుచున్నాను. భాషాసంఘమునకు బండ్లతో పనియేమని కొందఱు అడుగవచ్చును. హోసూరు, బాగలూరు, బేరికె, డెంకణికోట, తళ్ళి ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములలో పొలముతో గాని, పూలతోటతో గాని, కూరగాయల మండీతో గాని, బాడుగ బండితో గాని సంబంధము లేని యిల్లు అరుదు. బళ్ళారిలోని మనవారు మిరపను పంపినను, షోలాపురములోని మనవారు దుప్పట్ల మూటలు పంపినను, యానాములోని మనవారు చేపలు పంపినను, సరుకు మొదట ఎక్కునది పికప్పు మీదనే. ఆ బండిని నడపు కుఱ్ఱవాడు మన యింటి బిడ్డయో, మన వీధి బిడ్డయో అయియుండును. భాష బ్రతుకుట మనుష్యులు బ్రతికినప్పుడే గదా! కావున ఈ విషయము సంఘమునకు సంబంధించినదే.

విషయమేమన, ప్రభుత్వపు నిబంధన ననుసరించి పికప్పు బండ్లకు అమర్చిన వేగ నియంత్రణ యంత్రమును, అనగా మనవారు 'స్పీడు గవర్నరు' అని పిలుచుదానిని, తీయించివేయుట యిప్పుడొక అలవాటుగా మారినది. ఇది రహస్యముగా జరుగుట లేదు. క్రొత్తబండి కొన్న వారమునకే "లాకు తీయించితివా?" అని యొకరినొకరు పలుకరించుకొనుచున్నారు. తీయించినవాడు తెలివైనవాడనియు, తీయించనివాడు అమాయకుడనియు పేరు. ఈ తెలివిని గూర్చియే నా ఫిర్యాదు.

ముందుగా ఆ యంత్రమేమో చూతము. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 118వ నిబంధన ప్రకారము, 2015 అక్టోబరు 1వ తేదీ నుండి తయారైన రవాణా వాహనములకు గంటకు 80 కిలోమీటర్లు దాటకుండ ఆపు ఏర్పాటు ఉండవలెను. ట్యాంకర్లు, డంపర్లు, బడి బస్సులు మొదలగు వానికి ఆ హద్దు 60 కిలోమీటర్లు మాత్రమే. ఇప్పటి బండ్లలో ఈ పని ఇంజనును ఏలు ఎలక్ట్రానిక్ పెట్టె చేయును. బండి వేగము హద్దునకు చేరగానే, యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను, అది ఇంజనునకు అదనపు ఇంధనమును అందనీయదు. బ్రేకు వేయదు, బండిని ఆర్పదు, ఎగురు గుఱ్ఱమునకు కళ్ళెము పట్టినట్లు పట్టి యుంచును, అంతియే. ఈ కళ్ళెమును విప్పుటకు కొందఱు మెకానిక్కులు పెట్టెలోని లెక్కలనే మార్చుచున్నారు. కొందఱు వేగమును తెలుపు సంకేతమునే తప్పుదారి పట్టించుచున్నారు. రెండవ పనిచేసిన బండి తన వేగమును తానే తెలిసికొనలేదు. తన వేగమును తానెఱుగని బండిలో మన బిడ్డను కూర్చుండబెట్టి చీకటిలో పంపుట యెట్టి తెలివి?

గడచిన సమావేశమున నేనీ ప్రస్తావన తెచ్చినప్పుడు మిత్రులు కొన్ని వాదములు చెప్పిరి. వానిని దాచక ఒక్కొక్కటిగా విచారింతును.

మొదటి వాదము: "ఇంజనునకు శక్తి యున్నది, 110 పోగలదు, దానిని 80లో కట్టివేయుట అన్యాయము." అయ్యా, ఇంజను పోగలదు, తక్కిన బండి ఆగగలదా? పికప్పు కారు కాదు. దాని వెనుక చక్రములకు బరువు మోయు పట్టీల స్ప్రింగులు, సాధారణముగా డ్రమ్ము బ్రేకులు. ఖాళీగా నున్నప్పుడు వెనుకభాగము తేలిక. నింపినప్పుడు క్రేట్లు ఒకదానిపై నొకటి పేర్చి, తాడు బిగించి, క్యాబిను కంటె ఎత్తు కట్టుదుము. బరువు ఎత్తునకు పోయినకొలది మలుపులో బండి ఒరుగుట తేలిక. ఇక 1,500 కిలోలకై చేసిన బండిలో 2,500 కిలోలు వేయువారు మనలో లేరని ఎవరైన ప్రమాణము చేయగలరా? అదనపు బరువు, చాలని గాలి, మండుటెండ, మితిమీరిన వేగము ఈ నాలుగును కలిసినప్పుడు టైరు లోలోపల కాగి పగులును. ముందుటైరు పగిలిన బండిని 60లో పట్టి నిలిపిన డ్రైవర్లు కలరు; 100లో నిలుపుట దైవాధీనము.

మనము వర్తకులము గనుక లెక్కలోనే మాటలాడుదము. డ్రైవరు అడ్డమును చూచి బ్రేకు మీద కాలు వేయుటకు ఒకటిన్నర సెకను పట్టుననుకొందము. రోడ్డు పొడిగా నుండి, బ్రేకులు బాగుండి, బరువు హద్దులో నుండి, బండి ప్రతి సెకనుకు 18 కిలోమీటర్ల వేగము చొప్పున తగ్గుననుకొందము. 80లో పోవు బండి కాలు పడులోపల 33 మీటర్లు, బ్రేకు పడిన పిమ్మట 49 మీటర్లు, వెరసి సుమారు 82 మీటర్లలో ఆగును. 100లో పోవు బండి మొదట 42, పిమ్మట 77, వెరసి సుమారు 119 మీటర్లు పోవును. తేడా 37 మీటర్లే గదా యని తేలికగా చూడరాదు. 80లో వచ్చిన బండి పూర్తిగా ఆగిపోయిన చోటునకు 100లో వచ్చిన బండి చేరునప్పుడు, దాని వేగమింకను 68 కిలోమీటర్లుండును. ఒక డ్రైవరు ఆగిన లారీ వెనుక నిలిచి గుండెమీద చేయి వేసికొనును. రెండవవాడు అదే లారీని 68 కిలోమీటర్ల వేగమున ఢీకొనును. ఇరువురి నడుమ మొదట నున్న తేడా 20 కిలోమీటర్లు మాత్రమే!

తాకిడి బలము సంగతియు అంతే. అది వేగముతో సమానముగా పెరుగదు. వేగమును వేగముతో గుణించినట్లు పెరుగును. 80ని 80తో గుణించిన 6,400. 100ని 100తో గుణించిన 10,000. వేగము నాలుగవ వంతు పెరిగిన దెబ్బ సగమునకు పైగా పెరిగినది. 120 అయినచో 14,400, రెండింతలు దాటినది. పెట్టుబడి పావు పెంచి నష్టమును ఒకటిన్నర రెట్లు చేసికొను బేరమును మండీలో నెవడైన నొప్పుకొనునా? రోడ్డు మీద మాత్రము ఒప్పుకొనుచున్నాము.

రెండవ వాదము: "కార్లు 100లో పోవుచుండగా మనము 80లో పోయిన వెనుకనుండి గ్రుద్దుదురు, దాటునప్పుడు వేగము చాలక నడిరోడ్డున చిక్కుకొందుము." ఇందు కొంత నిజము గలదు. 60లో పోవు లారీని 80లో దాటుటకు పట్టు కాలము, 100లో దాటుటకు పట్టు కాలమునకు రెండింతలు. కాని దీనినుండి తేలు నీతి యేది? రాయకోట రోడ్డువంటి ఇరుకుదారిలో, ఎదురుబండి కనబడుచుండగా, దాటకుము అనియే గాని, కళ్ళెము విప్పుకొని దాటుము అని కాదు. దాటుట హక్కు కాదు. సందు దొరికినప్పుడు లభించు సౌకర్యము. విశాలమైన జాతీయ రహదారిలో ఎడమవైపున నడచుచు, వెనుక దీపములు వెలుగునట్లు, మెఱయు పట్టీలు తుడిచి కనబడునట్లు ఉంచుకొన్నచో వెనుకవాడు చూచుకొనును. రెండు వందల రూపాయల దీపము ఆరిపోయినను మార్పింపనివారు, వెనుకనుండి గ్రుద్దుదురను భయముతో వేలు ఖర్చుచేసి లాకు తీయించుట నాకు వింతగా తోచుచున్నది.

మూడవ వాదము: "ఆ యంత్రమే మోసము. ఎఫ్.సి. నాడు కొందఱు అమ్మకందారులు పరికరము బిగింపక పత్రమును మాత్రము అమ్ముచున్నారు. కొన్ని పరికరములు చెడి 50లోనే బండిని పట్టివేయుచున్నవి." ఈ ఫిర్యాదు చేయువారిని నేను తప్పుపట్టను. అట్టి మోసము జరిగిన చోట దానిని వ్రాసి యీయుడు. సంఘము తరఫున రవాణా కార్యాలయమునకు అర్జీ పెట్టుదము. కాని తూకపురాయి తప్పుగా నున్నదని ఎవడైన త్రాసునే పారవేసి చేతి అంచనాతో అమ్మునా? చెడినదానిని బాగుచేయించుట ఒకటి, పెరికివేయుట వేరొకటి. చెడిన బ్రేకును ఎవరును పీకివేయుట లేదే! ఈ యంత్రము విషయముననే మనకీ న్యాయబుద్ధి కలుగుటకు కారణము, అది బాగుగా పనిచేసినను మనకు అక్కఱలేదు గనుక.

నాల్గవ వాదము అసలు వాదము. దానిని పైకి చెప్పరు. అదే కాలము. "సరుకు వేళకు చేరవలెను." ఇచ్చటనే నేను నా తోటి వర్తకులతో తగవు పెట్టుకొనుచున్నాను.

హోసూరు నుండి బెంగళూరునకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారి అంతయు ఎడతెగక 80లో పోయినచో 30 నిమిషములు. 100లో పోయినచో 24 నిమిషములు. మిగులునది 6 నిమిషములు. అత్తిబెలె టోలు వద్ద వరుస యెంతయుండునో, ఊరు చొచ్చిన పిమ్మట సిగ్నళ్ళెన్ని యుండునో ఆ దారిని ఎఱిగినవారికి చెప్పనక్కఱ లేదు. ఆ 6 నిమిషములు మొదటి వరుసలోనే కరగిపోవును. ఇక చెన్నై కోయంబేడు మార్కెట్టు. దారి 300 కిలోమీటర్లకు పైమాట. 300 కిలోమీటర్లు ఎచ్చటను ఆగక 80లో పోయిన 3 గంటల 45 నిమిషములు. 100లో పోయిన 3 గంటలు. అంతయు కలిసివచ్చినను మిగులునది 45 నిమిషములే. టోళ్ళు, ఊళ్ళు, టీ, డీజిలు తీసివేసిన అందులో సగమును మిగులదు.

మరి ఆ 45 నిమిషములను మనమెచ్చట పోగొట్టుకొనుచున్నాము? మండీలో! సాయంకాలము ఆరింటికి ఎక్కవలసిన టమాటా క్రేట్లు ఎనిమిదింటికి ఎక్కును. తూకము ఆలస్యము, చీటీ ఆలస్యము, కూలీలు రాక ఆలస్యము, ధర తేలక ఆలస్యము. ఈ రెండు గంటలు మనవి. వీనిని పోగొట్టినవారము మనము. తిరిగి సంపాదింపవలసినవాడు డ్రైవరు! తెల్లవారుజామున ఫోను చేసి "ఎక్కడున్నావప్పా? ఇంకా వేలూరే దాటలేదా?" అని గద్దించువాడెవడు? ఆలస్యమైనదని బాడుగలో కోత పెట్టువాడెవడు? దినభత్యము గాక ట్రిప్పు లెక్కన కూలి యిచ్చి, రెండు ట్రిప్పులు కొట్టినవానిని మెచ్చుకొనువాడెవడు? మనమే. మెకానిక్కు చేతిలో స్క్రూడ్రైవరు ఉండవచ్చును; దానిని త్రిప్పించునది మన గడియారము. ఆ కుఱ్ఱవాడు వేగమునకు మోజుపడి పోవుచున్నాడని పెద్దలు నిందించుట సులభము. పగలంతయు సరుకు ఎక్కించి, రాత్రియంతయు నడిపి, మరునాడు మరల సరుకు ఎక్కించువానికి మోజెక్కడిది? నిదుర మాత్రమే యుండును. నిదురకండ్లవానికి 80 హద్దు ఆఖరి ఆసరా. దానిని కూడ మనమే తీసివేయుచున్నాము.

చట్టము కూడ ఈ మర్మమును ఎఱిగియే యున్నది. మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారము, అనుమతిలేని మార్పుచేసిన యజమానికి ఆరు నెలల వఱకు కారాగారము గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. గమనింపుడు, శిక్ష యజమానికి. 183వ సెక్షను వేగముగా నడపినవానితో పాటు తన క్రింద పనిచేయువానిచేత అట్లు నడిపించినవానిని కూడ దోషిగా చూచుచున్నది. నిర్లక్ష్యముచే ప్రాణము తీసినచో, 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను క్రింద అయిదేండ్ల వఱకు శిక్ష పడవచ్చును; పాత శిక్షాస్మృతిలో అది రెండేండ్లు మాత్రమే. బండిలో మార్పుచేసి బీమా కంపెనీకి తెలుపనివాడు తన క్లెయిమును త్రోసివేయుటకు కంపెనీకి తానే సాకు అందించినవాడగును. నష్టము వచ్చిననాడు ఆ కంపెనీవారు మన ముఖము చూచి పరిహారమీయరు. కాగితము చూచి యిత్తురు.

ఇంకొక మాట. మనవారు పెండ్లికి, జాతరకు, చావునకు పదిమందిని, ఇరువదిమందిని పికప్పు వెనుక నిలువబెట్టి తీసికొనిపోవుచున్నారు. సరుకు బండి మనుష్యుల బండి కాదు. సరుకు యజమానిగా గాక, ఊరకనే సరుకు బండి ఎక్కినవారికి హాని జరిగినచో పరిహారమిచ్చు బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీముకోర్టు ఆశారాణి కేసులో 2002 డిసెంబరుననే తీర్పు చెప్పినది. కళ్ళెము లేని బండిలో, పట్టుకొనుటకు కమ్మియైన లేనిచోట, ఆడవారిని పిల్లలను నిలిపి 100లో పోవుట పెండ్లి ప్రయాణమనవచ్చునా?

దేశపు లెక్కను కూడ చూడుడు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారము 2022వ సంవత్సరమున భారతదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అందు నూటికి 71 మందికి పైగా మితిమీరిన వేగమువలన పోయినవారు. ఆ యేట అన్ని రాష్ట్రములకంటె ఎక్కువ ప్రమాదములు జరిగినది మనముండు తమిళనాడులోనే, 64,105, మరణములు 17,884. ధర్మపురి దాటిన పిమ్మట వచ్చు తొప్పూరు కనుమ పేరు చెప్పిన పాత డ్రైవర్లు నేటికిని దండము పెట్టుదురు. దిగుడులో బరువుబండి బ్రేకులు కాగి పట్టు వదలినప్పుడు ఏమగునో వారికి తెలియును.

మనవంటి అల్పసంఖ్యాకులకు ఈ కష్టము మరికొంత బరువైనది. ప్రమాదము వేలూరు దగ్గఱనో, తుమకూరు దగ్గఱనో జరుగును. ఆ తల్లి, ఆ భార్య తమకు చదువరాని లిపిలోని కాగితములపై వ్రేలిముద్ర వేయవలసివచ్చును. పోలీసు ఠాణా, ఆసుపత్రి, పోస్టుమార్టము, పరిహారపు ట్రిబ్యునలు ఒక్కొక్కచోట ఒక్కొక్కరిని బ్రతిమాలి చదివించుకొనవలెను. సంఘము తరఫున అట్టివారి వెంట పోయినవారికి ఆ గడప లెన్నియో తెలియును. అప్పుడు మన వర్తకులు చందా వేసి యిచ్చుచున్నారు, అది మంచిదే. కాని చందాకంటె ముందుగా చేయదగిన ధర్మమొకటి గలదు. అది బండి బయలుదేరక ముందు చేయవలసినది.

కావున సంఘసభ్యుల ముందు ఈ క్రింది కోరికలు ఉంచుచున్నాను. మొదటిది, లాకు తీయించిన ప్రతి సభ్యుడు ఒక నెలలోపల అధికృత సర్వీసు కేంద్రమున దానిని యథాస్థితికి తెప్పించుకొనవలెను. అయిదువేల జరిమానాకు భయపడి కాదు. స్టీరింగు ముందు కూర్చున్నవాని తల్లిని తలచుకొని. రెండవది, మండీ యజమానులు తూకమును ఒక గంట ముందుగా ముగించి చీటీ చేతికీయవలెను. రోడ్డు మీద 45 నిమిషములకై ప్రాకులాడుటకంటె మండీలో 60 నిమిషములు మిగుల్చుట చౌక. మూడవది, ఆలస్యమునకు బాడుగలో కోత పెట్టు పద్ధతిని మాని, ట్రిప్పు లెక్కకు మారుగా దినభత్యము నిర్ణయింపవలెను. నాల్గవది, బండి నడచుచుండగా డ్రైవరునకు ఫోను చేయరాదు. అయిదవది, పెండ్లిండ్లకు సరుకుబండి పంపుమని అడిగినచో, యజమాని ఎంత దగ్గఱి చుట్టమైనను, లేదని చెప్పవలెను. చుట్టరికము చెడినను మరల కూడును.

ఇది వ్యాపారమును దెబ్బతీయు మాటయని కొందఱు అందురు. ఇరువది యేండ్లకు పైగా ఈ వ్యాపారముననే యున్నవాడను. ఒక పూట ధర పడిపోయిన మరుసటి పూట లేచును. వాడిన పూలకు మారుగా తోట మరల పూయును. మండీలో తిరిగి రానిది ఒక్కటే. ఆ ఒక్కదానిని మనము అయిదారు నిమిషములకు తాకట్టు పెట్టుచున్నాము.

వచ్చు నెల సమావేశమునకు బండ్ల యజమానులందఱును తమ డ్రైవర్లను వెంటబెట్టుకొని రావలెనని ప్రార్థన. లాకు ఉన్నదో లేదో యజమానిని అడుగము, డ్రైవరునే అడుగుదము. అతడు మన యెదుట నిర్భయముగా జవాబు చెప్పగలిగిననాడు ఈ కార్యము సగము నెరవేరినట్లే.

— ఒక మండీ వర్తకుడు, హోసూరు